శంఖవాణి ఓడకు ఉత్తరాల దారి

విశాఖపట్నం కోటవీధిలో పారిజాతం టైపు ఇన్‌స్టిట్యూట్ ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. టైపు నేర్చుకునే పిల్లలకంటే, "మా ఆయన కాడ్నుంచి ఏటైనా వొచ్చిందేటమ్మా" అని అడగడానికి వచ్చే ఆడవాళ్ల సందడే అక్కడ ఎక్కువ. ముందుగదిలో వరసగా టైపు మిషన్లు, వాటి వెనక ఒక చెక్క తడిక, తడిక అవతల ఒక కంప్యూటరు, దానికి తగిలించిన టెలిఫోను. ఇంటర్నెట్ అనే మాట మన ఊళ్లలో ఇంకా ఎవరి చెవినా పడని రోజులవి. ఆ కంప్యూటరుకి 'రేవు' అని పేరు.

దాన్ని బులెటిన్ బోర్డు అంటారు. పేరు గొప్పదే గానీ చేసేది పోస్టాఫీసు పనే. ఏ సింగపూర్‌లోనో, బొంబాయిలోనో ఓడ దిగిన మనిషి అక్కడి నావికుల క్లబ్బులో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ ఇంటికి ఉత్తరం రాస్తాడు. అక్కడి కంప్యూటరు మద్రాసుకి ఫోన్ చేస్తుంది, మద్రాసు కాకినాడకి, కాకినాడ విశాఖపట్నానికి. తెల్లవారుజామున ఫోను చార్జీ తక్కువ కాబట్టి అవన్నీ ఆ వేళకే లేచి, కీచుకీచుమని ఒకదాన్నొకటి పలకరించుకుని ఉత్తరాల సంచులు మార్చుకుంటాయి. ఎవరి ఉత్తరం ఏ ఊరి మీదుగా పోవాలో మాత్రం వాటికి తెలియదు. అది మనిషే రాసిపెట్టాలి. ఒక్కో ఓడకి ఒక్కో వరస, ఒక్కో వరస ఒక నియమం.

ఆ నియమాలు రాయడంలో పారిజాతానిది అందె వేసిన చెయ్యి. నేర్పింది ఆమె భర్త దాలినాయుడు. శంఖవాణి అనే సరుకు ఓడలో రేడియో ఆఫీసరు. తను ఏ దేశంలో ఓడ దిగినా పెళ్లాంతో కబుర్లు ఆగకూడదని, సెలవుల్లో కూర్చుని ఈ రేవు కట్టిపెట్టి వెళ్లాడు. మాటకారి మనిషి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెను నవ్వించి చంపేవాడు.

పోయిన కార్తీకంలో, కొలంబో దాటాక వచ్చిన తుఫానులో శంఖవాణి మునిగిపోయింది. ఒక్కరంటే ఒక్కరు తిరిగి రాలేదు.

రేవు మనుషుల్లో ఒక ఆనవాయితీ ఉంది. సముద్రంలో తప్పిపోయినవాడి శవం దొరకకపోతే, ఏడాది తిరిగేదాకా అతని చెప్పులు గుమ్మం దగ్గర్నుంచి తియ్యరు. కంప్యూటరు వచ్చాక ఆ ఆనవాయితీ కంప్యూటరులోకీ పాకింది. మా వాళ్ల ఉత్తరాల పెట్టెలు మూసెయ్యకమ్మా అని శంఖవాణి ఆడవాళ్లందరూ పారిజాతం చేతులు పట్టుకున్నారు. మూయడానికి ఆమెకి మాత్రం చేతులెలా వస్తాయి?

పెట్టె తెరిచి ఉంచితే ఇంకో బాధ. పారిజాతం రోజూ మొగుడికి నాలుగు ముక్కలు రాసేది. రోజూ తెల్లారేసరికి "ఈ ఓడ లేదు" అని మద్రాసు నుంచి మొహాన కొట్టినట్టు జవాబొచ్చేది. ఎన్నాళ్లు చదువుతుంది ఆ మాట? ఒక పొద్దున ఏడుపు ఆపుకోలేక కొత్త నియమం రాసేసింది, శంఖవాణి ఉత్తరాలన్నీ కాకినాడలోనే దిగిపోవాలని. అక్కడే పడి ఉంటాయి, ఆ మాట నా కళ్ల పడదు అనుకుంది.

కాకినాడ బోర్డు నడిపేది భీమశంకరం మాస్టారు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. దాలినాయుడు ఆయన శిష్యుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనా ఒక నియమం రాసుకున్నాడు, శంఖవాణి ఉత్తరాలేవైనా కనబడితే విశాఖపట్నానికే పంపెయ్యాలని. మద్రాసు వాళ్లు చెత్తలో పారేసేకంటే ఆ పిల్ల రాసుకున్నవి ఆ పిల్ల దగ్గరే ఉండనీ అని ఆయన జాలి. ఈమె ఆయనకి చెప్పలేదు, ఆయన ఈమెకి చెప్పలేదు. ఇలాంటివి ఎవరు మాత్రం ఫోన్ చేసి చెప్పుకుంటారు?

ఉత్తరాల దారి గుండ్రంగా చుట్టుకోకూడదన్నది ఈ పనిలో మొట్టమొదటి పాఠం. ఆ పాఠం చెప్పే మాస్టారూ, అందరికీ అదే నేర్పే పారిజాతమూ, ఇద్దరూ కలిసి శుభ్రంగా చుట్టు కట్టిపడేశారు. పారిజాతం రాసిన ఉత్తరం కాకినాడ పోయింది, కాకినాడ నుంచి ఇక్కడికొచ్చింది, మళ్లీ పోయింది. ఒక్క ఫోన్ కాల్‌లోనే వందలసార్లు అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి ఒక పొద్దున మాయమైపోయింది. ఇక్కడా లేదు, అక్కడా లేదు.

మర్నాడు జవాబు వచ్చింది.

"పారీ, నీ ఉత్తరం అందింది. ఎలా అందిందో దేవుడికే తెలియాలి, చుట్టూ నీళ్లు తప్ప ఫోనూ లేదు, ఊరూ లేదు. రేడియో గదిలో కంప్యూటరు తెరిస్తే కూర్చునుంది నీ ఉత్తరం. ఎలా ఉన్నారు అని అడిగావు. నాకేం, దుక్కలా ఉన్నాను. వంటవాడు ఇవాళ కూడా సాంబారు పేరు చెప్పి వేడినీళ్లు పోశాడు. ఎండు నెత్తళ్ల పులుసు మీద ప్రాణం కొట్టుకుంటోంది. నువ్వేమిటి, ఏడుస్తూ రాసినట్టున్నావు? వంటింటి గడప మీద నువ్వన్న మాట నేనేం మనసులో పెట్టుకోలేదు, సరేనా?"

పైన తేదీ ఉంది. సరిగ్గా ఏడాది కిందట, అదే రోజు.

పారిజాతం కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి వెళ్లి, గడప మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరో ఆకతాయి పని అనుకుందామంటే, ప్రయాణం ముందు ఆ గడప మీద తను మొగుణ్ని ఏమందో తనకీ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ మాట అన్నందుకు ఏడాదిగా కుమిలిపోతోంది. ఏడుపయ్యాక లేచి ముఖం కడుక్కుని ఎండు నెత్తళ్ల పులుసు పెట్టుకుని కడుపునిండా తింది. అదేం చిత్రమో, ఏడాది తర్వాత అన్నం రుచి తెలిసింది.

మాస్టారికి ఫోన్ చేసి, తను రాసుకున్న నియమంతో సహా అంతా చెప్పింది. ఆయనా తను రాసుకున్నది చెప్పాడు.

"నీ నియమం తీశావా అమ్మా?" అన్నాడు.

"లేదు మాస్టారూ."

"నేనూ తియ్యలేదు. చుట్టూ తిరిగి తిరిగి ఆ ఉత్తరం ఎక్కడో కాలానికే చిల్లు పెట్టినట్టుందమ్మా. ఇంతకంటే నాకేం తెలియడం లేదు. తియ్యమంటావా?"

"మీకు పుణ్యముంటుంది, తియ్యకండి" అంది పారిజాతం.

అప్పట్నుంచి ఆమె తీరే మారిపోయింది. పిల్లలు టైపు తప్పు కొడితే కసురుకోవడం మానేసింది. పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చిన ఉత్తరం నవ్వుకుంటూ చదువుకుని, జవాబు రాసి సంచిలో వేసేది. దాలినాయుడు తనకి పోయినేడు రాసిన ఆఖరి వారాల కబుర్లు అప్పుడు ఏ దారినా ఇల్లు చేరలేదు. ఇప్పుడు చేరుతున్నాయి. ఎగిరే చేపలు డెక్కు మీద పడ్డాయనీ, కెప్టెన్ చదరంగంలో తొండి చేస్తాడనీ, ఒంటరిగా డ్యూటీలో కూర్చుంటే నీ గాజుల చప్పుడు వినిపిస్తుందనీ రాసేవాడు.

కానీ ఆయన రోజులు కూడా మన రోజుల్లాగే ముందుకు నడుస్తున్నాయి. కార్తీకం దగ్గరకొస్తోంది. మొగుడు తుఫానులోకి నడిచిపోతుంటే కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటుందా ఎవరైనా? పారిజాతం ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని పెద్ద ఉత్తరం రాసింది. తుఫాను ఎక్కడ పుడుతుందో, ఎటు తిరుగుతుందో, ఓడ ఎక్కడ మునుగుతుందో, ఎవరెవరు పోతారో, అన్నీ పేరుపేరునా రాసింది. "మీ కాళ్లు పట్టుకుంటాను, కొలంబోలో ఓడ ఆగగానే దిగిపోండి" అని ముగించింది.

ఆ ఉత్తరం మాత్రం దాటలేదు. రోజూ కాకినాడ పోతుంది, వస్తుంది, పోతుంది, వస్తుంది. మిగతా చిన్న ఉత్తరాలన్నీ దాటిపోతున్నాయి, ఇదొక్కటే తిరుగుతోంది. పారిజాతానికి ఆందోళన పట్టుకుంది.

ఈ గొడవలో ఆమె ఒక సంగతి పట్టించుకోలేదు. హార్బరులో చేపలమ్మే గవిరమ్మ రోజూ గంప దించి, తడిక మీంచి తొంగి చూసి అడుగుతూనే ఉంది. ఆమె మొగుడు నూకరాజు ఇంకో ఓడలో ఇంజను గది పనివాడు.

"మావోడు రాసేడేటమ్మా?"

"ఇంకా లేదు గవిరమ్మా. రేపొస్తుందిలే."

"అదేటమ్మా, అంత బద్దకపు మనిసి కాడే! వారానికొక్క ముక్కయినా రాయిత్తాడు."

"ఓడ ఏ ఊళ్లోనూ ఆగి ఉండదులే" అనేసి పారిజాతం మొగుడి ఉత్తరంలోకి తల దూర్చేది. అడిగి అడిగి గవిరమ్మ వెళ్లిపోయేది.

ఒక సాయంత్రం నూకరాజే వచ్చాడు. ఇద్దరు తోటి పనివాళ్లు చెరో చంకా పట్టుకుని రిక్షాలోంచి దించితే, గవిరమ్మ ఇంటి గుమ్మంలో కూలబడ్డాడు. మనిషిలో ఎముకలు తప్ప ఏమీ లేవు. జ్వరమొస్తే బొంబాయిలో ఓడ దించేశారు, ఆస్పత్రిలో వేశారు. చూసే దిక్కు లేదు, భాష రాదు. నావికుల క్లబ్బు మనిషి చేత ఇంటికి ఉత్తరం రాయించాడు. జవాబు లేకపోతే మళ్లీ రాయించాడు, ఆ తర్వాత ఇంకోసారి. పెళ్లాం రాలేదు. తను బతికున్నా ఒకటే, చచ్చినా ఒకటే కాబోలు ఇంట్లోవాళ్లకి అనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడట ఆ బొంబాయి ఆస్పత్రిలో.

గవిరమ్మ పరుగున వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. "మూడుసార్లు రాయించేనంటన్నాడమ్మా! ఒట్టేసి సెప్తన్నాడు. నువ్వు రాలేదన్నావు. ఏటయిపోయినాయి మరి?"

ప్రతి ఉత్తరం నెత్తిన, రిజిస్టరు పోస్టుకున్నట్టు, ఒక నంబరుంటుంది. పారిజాతం బొంబాయి నుంచి వచ్చిన నంబర్లు వెతికింది. మూడూ వచ్చాయి. మూడు నంబర్లూ సంచిలో భద్రంగా ఉన్నాయి. ఆ నంబర్ల కింద ఉన్న మాటలు మాత్రం నూకరాజువి కావు. ఎగిరే చేపలు, చదరంగం, గాజుల చప్పుడు. మొగుడి ఉత్తరం చేతికొచ్చిన సంబరంలో దాని నెత్తిన ఏ నంబరుందో చూసే ఓపిక ఆమెకి ఏనాడూ లేకపోయింది.

పారిజాతానికి అబద్ధం చెప్పే అవకాశం ఉంది, యంత్రం పాడైందంటే గవిరమ్మ నమ్ముతుంది. కానీ ఆ ముఖం చూశాక నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

గవిరమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం కందిపోయింది. "అంటే... పోయినోడి మాటలు నీకు రావడానికి, బతికున్నోడి మాటలు నాకు రాకుండా పోయినాయా? నా మొగుడక్కడ దిక్కులేకండా పడుంటే నువ్విక్కడ నవ్వుకుంటా కూకున్నావా పారిజాతమ్మా?"

"నాకు తెలీదు గవిరమ్మా, నీ మీదొట్టు."

"ఇప్పుడు తెలిసింది గదా!" అని గవిరమ్మ గుమ్మం దాకా వెళ్లిపోయింది. వెళ్తున్నదల్లా ఆగి, ఇటు తిరక్కుండానే అడిగింది. "ఏటి రాసినాడు నీ మొగుడు?"

"ఎండు నెత్తళ్ల పులుసు తినాలనుందట" అంది పారిజాతం.

గవిరమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ తడిక వైపు రాలేదు.

మాస్టారు ఆ వారమంతా తన బోర్డు మీద ప్రయోగాలు చేశాడు. సంచిలో ఉన్న ఇతరుల ఉత్తరాలన్నీ తీసేసి, తనే ఒక ఖాళీ ఉత్తరం వేశాడు. అటు నుంచి తేదీ తప్ప ఏమీలేని ఖాళీ ఉత్తరం వచ్చింది. ఒక వాక్యం వేస్తే నాయుడిది ఒక వాక్యం వచ్చింది, వేసిన వాక్యం మాయమైంది.

"తూకానికి తూకమమ్మా" అన్నాడు ఫోన్లో. "ఇటు నుంచి అటు పోవాలన్నా, అటు నుంచి ఇటు రావాలన్నా, అంతే బరువున్న మాటలు ఇతర ఉత్తరాల్లోంచి చెరిగిపోవాలి. నీ పెద్ద ఉత్తరం అందుకే దాటట్లేదు. మన సంచిలో ఉత్తరాలన్నీ కలిపినా అంత బరువు లేదు. ఏనాడైనా అంత బరువు చేరిందా, అన్నిటినీ మింగేసి దాటుతుంది. తీసేద్దామమ్మా ఈ నియమాలు. నాకు భయంగా ఉంది."

"ఎల్లుండి కొలంబోలో ఆగుతుంది మాస్టారూ ఓడ. దిగిపోండి అని ఒక్క మాట పంపిస్తాను. ఒక్కటంటే ఒక్క మాట. ఎవరి ఉత్తరంలోనో ఒక్క మాట పోతే ఏమవుతుంది?"

"ఎవరిది, ఏ మాటో నీకు తెలుసా?"

ఆమె చూపు గవిరమ్మ రోజూ గంప దించే చోటు మీద పడింది.

"అదీగాక, ఇంకో సంగతమ్మాయ్. ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజుల్నుంచి నలిగిపోతున్నాను. నాయుడికి ఏ ఉత్తరాలు అందాయో అవి పోయినేడే అందేశాయి కదా. మనం ఇప్పుడు రాస్తున్నామంతే. నువ్విప్పుడు ఆ మాట పంపితే, వాడు పోయిన కార్తీకంలోనే చదివేసి ఉంటాడు. చదివి, దిగి ఉంటే..."

"దిగి ఉంటే ఇంటికొచ్చేవారు" అంది పారిజాతం.

ఫోన్ పెట్టేసి ఆమె అలాగే కూర్చుండిపోయింది. తడిక అవతల పిల్లలు టైపు కొడుతున్నారు. గుమ్మం దగ్గర దాలినాయుడి చెప్పులున్నాయి. తన మొగుడు ఎలాంటివాడో తనకి తెలియదా? ఆ ఉత్తరం చదివితే ముందు కెప్టెన్ దగ్గరికి పరిగెడతాడు. కెప్టెన్ నవ్వి పొమ్మంటాడు. అంతమంది ఓడలో ఉండగా రేడియో మనిషి దిగిపోతే వాళ్ల గతేమిటని, ఈయన దిగడు. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ఏ రోజు ఏమవుతుందో తెలిసి, ఒక్కొక్కరి మొహం చూస్తూ, అన్నం సయించక, అక్కడే కూర్చుంటాడు. నవ్వుకుంటూ గడపాల్సిన ఆఖరి రోజులు చావుకి ఎదురుచూస్తూ గడుపుతాడు. తను పంపగలిగింది ప్రాణం కాదు, భయం. ఆ సంగతి తెలిశాక పారిజాతం గుండె బద్దలైనట్టు ఏడ్చింది. ఓడ మునిగిందన్న కబురు వచ్చిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కి సెలవిచ్చేసింది. ఇన్నాళ్లుగా చుట్టూ తిరుగుతున్న పెద్ద ఉత్తరాన్ని పట్టి ఆపి, చెరిపేసింది. దాని స్థానంలో ఇంకోటి రాయడం మొదలుపెట్టింది. ఎంత రాసినా తనివి తీరలేదు. పొద్దు వాలేదాకా రాస్తూనే ఉంది.

ఇంత పెద్దదానికి తూకం వెయ్యాలంటే అంత పెద్ద ఉత్తరాలు కావాలి. అవి ఆమె దగ్గరే ఉన్నాయి. రేవు పెట్టిన నాటి నుంచి దాలినాయుడు ప్రతి ప్రయాణంలోనూ రాసినవన్నీ ఒక ఫ్లాపీలో దాచుకుంది. పెళ్లయిన కొత్తలో సిగ్గుపడుతూ రాసినవి, పిల్లలు పుట్టలేదని ఆమె దిగులుపడితే ధైర్యం చెబుతూ రాసినవి, అలకలు, వేళాకోళాలు. ఒక్కసారి చివరిదాకా చదువుకుంది. వాటిని కాకినాడ సంచిలో వేసింది. ఇతరుల ఉత్తరం ఒక్కటి కూడా అందులో కలవకుండా, ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ కాకినాడ తగలకుండా నేరుగా మద్రాసుకే పోయి, మద్రాసు నుంచే వచ్చేలా ప్రతి ఓడకీ ఒక్కో నియమం మార్చి రాసింది. ఆ పని తప్పు లేకుండా చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

తెల్లవారుజామున ఫోను కీచుమంది. ఆమె ఉత్తరం వెళ్లింది, వచ్చింది, వెళ్లింది, వచ్చింది. తెర మీద ఆయన పాత ఉత్తరాలు ఒక్కొక్కటే చెరిగిపోయి, నంబర్లు మాత్రం మిగిలాయి. ఆఖరిదీ ఖాళీ అయిపోయిన క్షణాన ఆమె ఉత్తరం తెర మీంచి మాయమైంది.

ఆయన చదివి ఊరుకునే మనిషి కాదు. కొలంబోలో కూర్చుని వెంటనే జవాబు రాసేస్తాడు. ఆ జవాబు ఎవరో ఒకరి ఉత్తరం తినేస్తే తప్ప ఇక్కడికి రాదు. పారిజాతం నియమాల వరసల్లోకి వెళ్లి, శంఖవాణి పేరున్న వరస మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు. ఏం రాస్తాడో తనకి ఎప్పటికీ తెలియదు. అలాగే ఉండి ఉండి, కళ్లు మూసుకుని, నొక్కింది. ఆ వరస పోయింది. పై వరసా కింది వరసా కలిసిపోయాయి.

కాకినాడకి ఫోన్ చేసింది. "నాది తీసేశాను మాస్టారూ. మీరూ తీసెయ్యండి."

"తీసేస్తున్నానమ్మా" అన్నాడు ఆయన. అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. అడగొచ్చో లేదో అన్నట్టు అడిగాడు. "వాడికేం రాశావు తల్లీ?"

"ఏముంది మాస్టారూ, ఇంటి సంగతులే. పెరట్లో మునగచెట్టు విరగకాసిందనీ, ఎదురింటివాళ్ల మేక మన గోరింటాకు మొక్క తినేసిందనీ రాశాను. గడప మీదన్న మాటకి క్షమాపణ చెప్పుకున్నాను. వానాకాలానికి పాత గొడుగు చిరిగిపోయింది, వచ్చేటప్పుడు మంచి గొడుగు ఒకటి తెమ్మన్నాను."